నాన్న గొట్టంలో టార్చి బ్యాటరీ

నాన్న సిగరెట్టు మానేసి ఆ శనివారానికి పన్నెండు రోజులు. ఆ లెక్క నాన్న పెట్టుకోలేదు, అమ్మా పెట్టుకోలేదు. నేనే నా డైరీలో తేదీ పక్కన రోజుకొక చిన్న అంకె వేస్తూ వచ్చాను. అంతకుముందు నాన్న మూడుసార్లు మానేశాడు. ఒకసారి మందుల షాపులో ఇచ్చిన గమ్ నమిలాడు. ఒకసారి భుజానికి పట్టీ అతికించుకున్నాడు. ఒకసారి ఏమీ లేకుండా మొండిగా ఉండి చూశాడు. ఒక్కసారి కూడా ఆరో రోజు దాటలేదు. ఈసారి మొదలుపెట్టేటప్పుడే చెప్పేశాడు.

"ఇదే ఆఖరు. ఇదీ కాకపోతే నన్నింక ఎవురూ అడగొద్దండి."

అందుకే పన్నెండు అని వేస్తుంటే నాకు పెన్ను పట్టుకున్న చేయి కూడా నవ్వుతున్నట్టు అనిపించింది.

మేముండేది బ్రాంప్టన్‌లో, ఒక పంజాబీ వాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌లో. నాన్న ఐదేళ్ళ కిందటే కెనడా వచ్చాడు. నేనూ అమ్మా వచ్చి పద్నాలుగు నెలలయింది. అంతవరకు అనంతపురం జిల్లాలో మా ఊరి హైస్కూల్లోనే తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివాను. ఇక్కడి స్కూల్లో నేను నోరు తెరిచేది హాజరు పిలిచినప్పుడు మాత్రమే. మిగతావన్నీ డైరీకి చెప్పుకుంటాను.

నాన్న పక్కనే ఉన్న వాన్ అనే ఊళ్ళో ఒక పెద్ద గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఒక్కడే ఉన్న రోజుల్లో సిగరెట్లు రోజుకు ఇరవై దాకా పోయాయట. మా బేస్‌మెంట్‌కి పదకొండు మెట్లు. ఆ పదకొండు ఎక్కడానికి నాన్న రెండుసార్లు ఆగి దగ్గుతాడు. ఆ దగ్గు విన్నప్పుడల్లా నేను పుస్తకంలో చదువుతున్న వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదువుకోవాల్సి వస్తుంది.

నాన్నతో పనిచేసే శ్రీరామ్ అంకుల్ తన పాత ఎలక్ట్రానిక్ సిగరెట్టు ఒకటి ఇచ్చాడు. చూడటానికి ఇత్తడి గొట్టం. లోపల వేలంత బ్యాటరీ. పైన కాయిల్ అనే చిన్న తీగచుట్ట, దాని చుట్టూ దూది, ఆ దూదిని తడిపే ద్రవం. కింద బొత్తాం నొక్కితే తీగ వేడెక్కి ద్రవం ఆవిరవుతుంది. అంతకుమించి అందులో ఇంకేమీ లేదు. అమ్మ దాన్ని 'గొట్టం' అనేసరికి ఆ పేరే నిలిచిపోయింది.

"పొగ మానినాడు, ఆవిరి పట్టినాడు. ఏదో ఒకటి ఆ మూతికి ఉండల్ల," అని అమ్మ దెప్పుతుంది.

"పొగ వదిలేదానికి ఇది మెట్టు సూర్యా. ఆర్నెల్లలో దీన్నీ వదుల్తా," అంటాడు నాన్న అమ్మతో.

ఆ శనివారం పొద్దున పదకొండు గంటలకు నాన్న బయట మంచు తోసి, చేతులు రుద్దుకుంటూ లోపలికి వచ్చి గొట్టాన్ని నా చేతిలో పెట్టాడు.

"చూడు మృదూ. రెండు దినాల నుంచి ఇది ఎంత వెచ్చగా వస్తాందో. ఈ చలికి గ్లవ్స్‌తో పనిల్యా."

అప్పుడే ఉడికించి తీసిన కోడిగుడ్డులా ఉంది. నాన్న దాన్ని బల్లమీద పెట్టి స్నానానికి వెళ్ళాడు. మూడు గంటలకు షిఫ్టు.

కానీ నా అరచేతిలో ఆ వేడి ఉండిపోయింది. మా ఊళ్ళో సైన్సు చెప్పిన గోపీకృష్ణ సారు స్కూలు మోటరు వైరు పట్టుకుని చూసి అంటుండేవారు, "వేడి ఊరికే రాదర్రా. ఎక్కడో కరెంటు పాపం ఇరుకున పడిందని అర్థం."

అంతలో అమ్మ చెంచా ఒకటి వాషింగ్ మెషీన్ వెనక పడిందని టార్చి తెమ్మంది. మా టార్చి చింతపండు, ఎండుమిరపకాయల మధ్య సూట్‌కేసులో పడి వచ్చింది. చార్జింగు పెట్టుకునే రకం. మా ఊళ్ళో కరెంటు అర్ధరాత్రి ఇస్తే మోటరు వేయడానికి పొలానికి పట్టుకుపోయేది అదే. స్విచ్చి నొక్కాను. వెలగలేదు. బరువు తేడాగా అనిపించి వెనక మూత తిప్పాను.

లోపల బ్యాటరీ లేదు.

అది ఎక్కడికి పోయిందో అప్పుడు తట్టింది. బల్ల దగ్గరికి దాదాపు పరుగెత్తాను. నాన్న ఇత్తడి గొట్టం అడుగు మూత విప్పి, బోర్లించాను. నీలం తొడుగు వేసుకున్న మా టార్చి బ్యాటరీ జారి నా చేతిలో పడింది. ఇంకా వెచ్చగానే ఉంది.

దానిమీద 3.7 వోల్టులు అని ఉంది. 9900 అని ఇంకో పెద్ద అంకె ఉంది, అది ఎంత నిల్వ ఉంచుకుంటుందో చెప్పేది. ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో మాత్రం ఎక్కడా లేదు.

డైరీ తెరిచాను. శ్రీరామ్ అంకుల్ ఇచ్చిన కాయిల్ డబ్బా మీద గుర్రపు లాడం గుర్తు, దాని ముందు 0.25 అని ఉన్నాయి. ఆ గుర్తు చూడగానే మా ఊరి నల్లబల్ల కళ్ళముందుకు వచ్చింది. ఓమ్, తీగ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత. నిండా చార్జ్ అయిన బ్యాటరీ 4.2 వోల్టులు ఇస్తుంది. 4.2ని 0.25తో భాగించాను. 16.8 ఆంపియర్లు!

టార్చిలో బల్బుకు కావలసింది ఒక ఆంపియరో, ఒకటిన్నరో. ఈ బ్యాటరీని పదహారు అడుగుతున్నాడు నాన్న.

ఫోన్‌లో వెతికాను. ఆ సైజులో మంచి బ్యాటరీ ఏదీ నాలుగు వేల నిల్వ దాటదని, నలభై అయిదు గ్రాముల దగ్గర బరువుంటుందని చదివాను. అమ్మ పచ్చళ్ళకు ఉప్పూ కారం తూచుకునే చిన్న కాటా తెచ్చి బ్యాటరీని దానిమీద పెట్టాను. ఇరవై తొమ్మిది. తొమ్మిది వేల తొమ్మిది వందలు అని రాసుకున్న బ్యాటరీ లోపల మూడో వంతు ఖాళీయే!

అబద్ధాన్ని కాటాలో పట్టుకున్నందుకు నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఫోన్‌లో మిగతాది చదివాను. ఇలాంటివి తట్టుకోలేనంత వేడెక్కితే ఏమవుతుందో ఆ కిందే రాసి ఉంది. పగులుతాయి, మంటలొస్తాయి. నాన్న దాన్ని పెట్టుకునేది ప్యాంటు జేబులో.

డైరీలో రెండు వాక్యాలు రాశాను.

చెప్పకపోతే, జేబులో పేలవచ్చు.

చెబితే, సాయంత్రానికి సిగరెట్టు.

ఎందుకంటే నాన్న దగ్గర ఇంకో బ్యాటరీ లేదు. గొట్టం తీసేసుకుంటే పన్నెండు రోజుల మనిషిని ఖాళీ చేతులతో, పది మంది సిగరెట్లు కాల్చే గోదాముకు పంపినట్టే. మూడు గంటలకు ముందే సరైన బ్యాటరీ దొరకాలి. గడియారంలో పదకొండున్నర.

"నా గొట్టం యాడుండాది?" నాన్న తల తుడుచుకుంటూ వచ్చాడు.

బ్యాటరీ అంటుకుంటుందేమోనని దాన్ని అప్పటికే ఒక స్టీలు పళ్ళెంలో వేసి, తలుపు బయట మెట్టుమీద పెట్టాను. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"నాన్నా, అది టార్చిది," అన్నాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

"అవును, టార్చిదే. దీని బ్యాటరీకి తొడుగు చినిగిపోయింది, పారేయమన్నాడు శ్రీరాము. మన టార్చిలోది తీసి చూస్తే అచ్చం అదే సైజు. వోల్టేజీ కూడా అదే, మూడు పాయింట్ ఏడు. రాత్రి టార్చిలో పెట్టి చార్జ్ చేస్తా, పొద్దున గొట్టంలో ఏస్తా." తన తెలివికి తనే మురిసిపోతూ నవ్వాడు. "ఎట్లుండాది మీ నాయన బుర్ర?"

"వోల్టేజీ ఒక్కటైతే చాలదు నాన్నా."

"మడి ఇంకేం కావల్ల?"

చెప్పాలి. ఆంపియరు అంటే నాన్న వినడు. లెక్క చూపిస్తే 'తర్వాత చూస్తాలే' అంటాడు. ఏం చెబితే నాన్నకు ఎక్కుతుంది? ఒక్కసారిగా తట్టింది.

"మన చేన్లో రెండు బోర్లున్నాయి గదా. రెండింటిలోనూ నీళ్ళు మూడు వందల అడుగుల కాడే."

"అవును."

"మట్టం ఒకటే. మరి ఊట?"

నాన్న తువ్వాలు కిందికి దించాడు. పడమటి బోరులో రెండించుల నీళ్ళు. తూర్పు బోరులో అరించు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, కెనడా రాకముందు, నాన్న పడమటి బోరు మోటరే తెచ్చి తూర్పు బోరులో దించాడు. మట్టం ఒకటే కదా అన్నాడు. మోటరు పది నిమిషాల్లో నీళ్ళు తోడేసి, ఊరే నీళ్ళు చాలక, ఒట్టిగా తిరిగి తిరిగి కాలిపోయింది.

"వోల్టేజీ అంటే నీళ్ళ మట్టం," అన్నాను. "ఆంపియర్లు అంటే ఊట. ఈ బ్యాటరీలో మట్టం ఉంది, ఊట లేదు. నీ గొట్టం అయిదు హార్సు పవర్ మోటరులాగా లాగుతోంది. అక్కడ మోటరు కాలింది. ఇక్కడ కాలేది బ్యాటరీనే. నీ జేబులో."

వంటింట్లోంచి అమ్మ ఒక్క ఉదుటున వచ్చింది. "ఆ మోటరు కాల్చినాయన సముద్రం దాటొచ్చి మళ్ళా అదే పని చేసినాడా!"

"నువ్వు ఉండు సూర్యా." నాన్న తలుపు తీసి పళ్ళెంలోని బ్యాటరీని వంగి చూశాడు. ముట్టుకోలేదు. లోపలికి వచ్చాక ఆయన ముఖంలో నవ్వు లేదు. వేళ్ళు బల్లమీద టకటక కొట్టుకుంటున్నాయి. పొద్దున్నుంచి రెండుసార్లే గొట్టం పీల్చాడు.

"మడి ఇప్పుడెట్ల? మూడింటికి షిఫ్టు. ఏమీ లేకుండా నేను ఉండలేను మృదూ. ఉన్నమాట చెప్తాండా."

"షాపుకు పోదాం. నేనూ వస్తా."

నేనూ వస్తా అన్నది నేనేనా అన్నట్టు అమ్మ నా వైపు చూసింది.

*

ఎలక్ట్రానిక్ సిగరెట్లు అమ్మే ఆ షాపు ఒక వరస దుకాణాల చివర ఉంది. అద్దాలన్నీ తెల్లగా మూసేశారు, లోపల ఏముందో కనబడదు. తలుపు మీద పెద్ద అక్షరాలతో బోర్డు: పంతొమ్మిదేళ్ళ లోపు వారికి ప్రవేశం లేదు.

నాకు పదహారు.

దారంతా కారులో నేను ఈ సంగతి ఆలోచించనే లేదు. తలుపు ముందు నిలబడి నాన్నా, నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పక్క దుకాణం కిరాణా షాపు. కిటికీలో లాటరీ టికెట్ల బొమ్మ, దాని కింద సిగరెట్లు ఉన్నాయని చిన్న కాగితం. నాన్న కళ్ళు అక్కడికి వెళ్ళి రావడం నేను చూశాను.

డైరీలోంచి ఒక పేజీ చింపాను. నా డైరీలో పేజీ చింపడం అదే మొదటిసారి. కారు బానెట్ మీద పెట్టి గబగబా రాశాను. 'ఈ గొట్టానికి 0.25 ఓమ్ కాయిల్. 16.8 ఆంపియర్లు లాగుతుంది. ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇచ్చే బ్యాటరీ ఉంది? ఒక్క క్షణం ఇచ్చే లెక్క వద్దు, ఆగకుండా ఇచ్చేది కావాలి.'

నాన్న కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళాడు. సున్నాకు పన్నెండు డిగ్రీలు కింద ఉంది చలి. నేను ఒక కాలిమీద నుంచి ఇంకో కాలిమీదికి గెంతుతూ ఉన్నాను. చలికో, ఉత్సాహానికో తెలియదు. పరీక్ష రాసి వచ్చి, పక్క హాల్లో దిద్దుతుంటే బయట నిలబడినట్టుంది.

అయిదు నిమిషాలకు నాన్న వచ్చాడు.

"లోపల ఒక పిల్ల ఉండాది. పేరు జే అంట. ఇంగ్లీషు దడదడా మాట్లాడతాంది. ఇరవై ఆంపియర్ల బ్యాటరీ ఉందంట. గొట్టానికి సరిపోతుందంట. తీసుకుందామా?"

ఇరవై అంటే పదహారు పాయింట్ ఎనిమిది కన్నా ఎక్కువే. సరిపోతుంది! ఒక్క క్షణం ఎగిరాను. మళ్ళీ ఆగాను. గొట్టంలో బ్యాటరీకీ కాయిల్‌కీ మధ్య ఏమీ లేదు. జేబులో బొత్తాం ఒత్తుకుపోతే ఆపేది లేదు. స్టార్టరు లేకుండా మోటరును నేరుగా లైనుకు కలిపినట్టు. మా ఊళ్ళో అలా కలిపినవాడిని గోపీకృష్ణ సారు పేరు పెట్టి తిట్టేవారు.

"వద్దు నాన్నా. ఇంకొకటి అడుగు." రెండో పేజీ చింపాను. 'గొట్టం వద్దు. ఎక్కువ కరెంటు లాగితే తనే ఆపేసే చిప్ ఉన్న బాక్సు కావాలి. వోల్టేజీ మనం మార్చుకునేలా ఉండాలి. కాయిల్ ఒక ఓమ్ పైన ఉండాలి. పెద్ద పొగ మేఘాలు వద్దు. సిగరెట్టు మానడానికి.'

నాన్న నిట్టూర్చాడు. "మృదూ, నాకు ఇప్పటికే తల గుంజుతాంది. పక్క షాపులో ఒక్కటి..."

"నాన్నా."

అంతే అన్నాను. నాన్న మళ్ళీ లోపలికి పోయాడు.

ఈసారి రెండు నిమిషాలు కూడా కాలేదు. లోపల ఎవరో గట్టిగా అరిచి నవ్వారు. తలుపు విసురుగా తెరుచుకుంది. ఉట్టి టీషర్టు మీద ఒక అమ్మాయి నా రెండు కాగితాలనూ జెండాల్లా పట్టుకుని బయటికి దూకింది. వెనక నాన్న.

"గివి రాసింది నువ్వేనా చెల్లె?"

తెలుగు! నేను తల ఊపాను.

"అరె, ఇంతసేపటి సంది మీ నాయినతోటి ఇంగ్లీషు మాట్లాడి నా నాలుక వంకర పోయింది. అంకుల్ కాగితం చూస్కుంట చదువుతుండు. ఏందా అని వంగి చూస్తే తెలుగు అక్షరాలు! నా పేరు ఝాన్సీలక్ష్మి. మాది కరీంనగర్. ఇక్కడ కాలేజీ చదువుతున్న. పిలవనీకి అల్కగుంటదని జే అని పెట్టుకున్న."

"నువ్వు ముందే చెప్తే నేను అంత చెమట పోసుకునే పని లేకపోయె గదమ్మా," అన్నాడు నాన్న.

"మీరు చెప్పిన్రా అంకుల్? ఎవరిదన్న ముఖం మీద రాసుంటదా?" అని ఆమె నా వైపు తిరిగింది. "సరే చెప్పు. గొట్టం ఎందుకు వద్దంటున్నవ్? ఇరవై ఆంపియర్లది ఇస్తనంటి గద."

నా చెవులు వేడెక్కాయి. స్కూల్లో అయితే ఇక్కడే తల వంచుకునేదాన్ని. కానీ నాన్న వేళ్ళు కోటు జేబు అంచును నలుపుతున్నాయి.

"దాంట్లో ఆపేది ఏమీ లేదక్కా. పదహారు ఎనిమిదికీ ఇరవైకీ మధ్య తేడా కొంచెమే. బ్యాటరీ పాతబడితే అదీ ఉండదు." ఊపిరి తీసుకున్నాను. "ఒక ఓమ్ పైన కాయిల్ అయితే మూడో, నాలుగో ఆంపియర్లు చాలు. అప్పుడు ఇరవై ఇచ్చే బ్యాటరీ నిద్రపోతూ కూడా ఇస్తుంది."

ఝాన్సీలక్ష్మి నన్ను చూసింది. తర్వాత నాన్నను చూసింది.

"అంకుల్, మీ బిడ్డకు పంతొమ్మిది ఎప్పుడొస్తయ్? నా నౌకరి ఆమెకిచ్చి నేను వేరేది చూస్కుంట."

నాన్న అప్పుడు మళ్ళీ నవ్వాడు.

"అసలు ముందు ఏ బ్యాటరీ ఏసిన్రు దాంట్లో?" అని ఆమె అడిగింది. నాన్న నేల చూపులు చూశాడు. నేను టార్చి బ్యాటరీ సంగతీ, బోర్ల కథా మొత్తం చెప్పాను. ఆమె నవ్వలేదు.

"పోయిన వారం ఒకాయన పాత ల్యాప్‌టాప్ పలగ్గొట్టి సెల్లు తీస్కొచ్చిండు. సైజు అదే, వోల్టేజీ అదే అని. అందరిదీ గిదే మాట. నువ్వు గా బోరు ముచ్చట ఒక కాగితం మీద తెలుగుల మంచిగ రాసియ్యి. కౌంటర్ మీద అతికిస్త."

నేను అడుగు పెట్టలేని షాపులో నేను రాసిన కాగితం! ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక డైరీని గట్టిగా పట్టుకున్నాను.

ఆమె నాన్నను లోపలికి తీసుకుపోయింది. తిరిగి వచ్చినప్పుడు నాన్న చేతిలో అగ్గిపెట్టెకు రెండింతల బాక్సు, ఇరవై ఆంపియర్ల బ్యాటరీ, అదనపు బ్యాటరీ పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా ఉన్నాయి. "తాళంచెవుల తోటి, చిల్లర తోటి కలిపి జేబుల వెయ్యొద్దు," అని ఆమె డబ్బాను వేలితో తట్టి మరీ చెప్పింది. టార్చి బ్యాటరీని మేము పళ్ళెంతో సహా కారులో తెచ్చాం. ఆమె దాని రెండు చివర్లకూ టేపు చుట్టి, పాత బ్యాటరీలు వేసే డబ్బాలో వేయడానికి తీసుకుంది.

"ఇంక ఒక్కటి," అంది తలుపు దగ్గర ఆగి. "కాయిల్ కొత్తది. దూది తడవాలె. ద్రవం పోసి పది నిమిషాలు ముట్టుకోవద్దు. ముందే నొక్కితే దూది మాడి, ఆ మాడు వాసన మల్ల పోదు. గప్పుడు మీరు దాన్ని ఇసిరికొట్టి సిగరెట్టు ముట్టిస్తరు. నేను శానమందిని చూసిన."

*

కారులో నాన్న ద్రవం పోసి, మూత బిగించి, బాక్సును డాష్‌బోర్డు మీద నిలబెట్టాడు. ఒంటిగంటా అయిదు నిమిషాలు.

ఒంటిగంటా ఏడుకు స్టీరింగ్ మీద వేళ్ళు మొదలయ్యాయి. ఒంటిగంటా ఎనిమిదికి కారు తలుపు పిడి మీద చేయి పడింది.

"కాళ్ళు సాచుకుని వస్తా."

మా కారు ఎదురుగా ఆ కిరాణా షాపు కిటికీ. పది అడుగులు.

"నాన్నా, నాకొక లెక్క రావడం లేదు," అన్నాను.

అది అబద్ధం. కానీ నాన్న చేయి పిడి మీదే ఆగింది.

"కాయిల్ మీద 1.2 ఓమ్, పది నుంచి పదమూడు వాట్లు అని ఉంది. కానీ బాక్సులో మనం పెట్టాల్సింది వోల్టులు. ఎన్ని వోల్టులు పెట్టాలి?"

"నన్నడుగుతాండావా? నేను పదిలో లెక్కలు రెండుసార్లు తప్పినోణ్ణి."

"వాట్లను ఓమ్‌తో గుణిస్తే వోల్టుల వర్గం వస్తుంది. పది ఇంటూ 1.2 ఎంత?"

"పన్నెండు. అదేం లెక్క?"

"పన్నెండుకు వర్గమూలం ఎంత?"

"మూడు మూళ్ళు తొమ్మిది. నాలుగు నాలుగులు పదహారు. మధ్యలో యాడో ఉంటాది." నాన్న పిడి మీద చేయి తీసి గడ్డం గోక్కున్నాడు. "ఉండు ఉండు. మూడున్నర చూద్దాం. అయిదుతో అయ్యే అంకెకు ఒక కిటుకు ఉండాది. ముప్పై అయిదంటే, మూడుని దాని తర్వాత అంకెతో గుణించల్ల. మూడు నాలుగులు పన్నెండు. పక్కన ఇరవై అయిదు. పన్నెండు వందల ఇరవై అయిదు! అంటే పన్నెండు పాయింట్ రెండు అయిదు!"

"నాన్నా!"

"అట్లయితే మూడున్నరకు రవ్వంత తక్కువ!" నాన్న సీటులో నిటారుగా కూర్చున్నాడు. "రెండుసార్లు తప్పించినారు నన్ను, ఆ సార్లు ఇప్పుడుండల్ల ఇక్కడ. పదమూడుకు చెప్పు."

"పదమూడు ఇంటూ 1.2, పదిహేను పాయింట్ ఆరు."

"నాలుగు నాలుగులు పదహారు, దాటిపోయింది. అంటే నాలుగుకు లోపల." డాష్‌బోర్డు మీది బాక్సును చూశాడు. "మూడున్నరకు రవ్వంత కింద మొదలుపెట్టి నాలుగు దాటకూడదు."

"నాలుగు దాటితే?"

"నువ్వే చెప్పు."

"4.8 దాకా పెట్టుకోవచ్చు ఈ బాక్సులో. అంత పెడితే పందొమ్మిది వాట్లు. దూది మాడిపోతుంది. ఊళ్ళో రాత్రి ఒక్కోసారి వోల్టేజీ పెరిగి బల్బులు టప్పుమనేవి చూడు, అట్లా."

ఊళ్ళో బల్బుల గురించి మాట మొదలైంది. ఎవరింట్లో టీవీ కాలింది, ఎవరు ట్రాన్స్‌ఫార్మరు మీద కర్ర విసిరారు. నేను అడుగుతూనే ఉన్నాను, నాన్న చెబుతూనే ఉన్నాడు. ఒక ప్రశ్న ఆగితే ఇంకొకటి వేశాను. జీవితంలో ఎవరితోనూ ఆపకుండా అంతసేపు మాట్లాడలేదు. గొంతు ఎండిపోయింది. గడియారం వైపు చూసినప్పుడు ఒంటిగంటా పంతొమ్మిది.

"నాన్నా, అయిపోయింది! నాలుగు నిమిషాలు ఎక్కువే అయింది!"

కారులో ఆవిరి వదలకూడదన్నది అమ్మ షరతు. నాన్న బాక్సు తీసుకుని దిగి, మంచులో నాలుగడుగులు నడిచి నిలబడ్డాడు. నేను కిటికీ అద్దం సగం దించి, డైరీ ఒడిలో పెట్టుకున్నాను.

"మూడు పాయింట్ నాలుగు!" అని అరిచాను.

నాన్న పీల్చాడు. తల అడ్డంగా ఊపాడు. "చప్పగుండాది! నీళ్ళావిరి మాదిరి!"

రాసుకున్నాను. "మూడున్నర!"

"కొంచెం వచ్చింది."

"మూడు పాయింట్ ఆరు!"

ఈసారి నాన్న నిదానంగా పీల్చి వదిలాడు. సన్నని తెల్లని ఆవిరి గాలిలో కలిసిపోయేదాకా చూశాడు. భుజాలు పొద్దున్నుంచి చెవుల దగ్గరే ఉన్నాయేమో, అప్పుడు కిందికి దిగాయి.

"మూడు పాయింట్ ఏడు చూడాల్నా?" అన్నాడు.

"చూడు! పైన ఏముందో తెలియాలి గదా."

చూశాడు. వెంటనే దగ్గాడు. "గొంతు గీరుతాంది. వద్దు. వెనక్కి, వెనక్కి." బొత్తాం నొక్కి తగ్గించి, మళ్ళీ ఒకసారి పీల్చి, బాక్సు వెనక చేయి పెట్టి చూశాడు. కారు దగ్గరికి వచ్చి దాన్ని నా చెంపకు ఆనించాడు. చల్లగా ఉంది.

"ఆరు," అన్నాడు. "ఆరు కాడ నిలబెట్టు."

డైరీలో 3.6 అని రాసి చుట్టూ రెండు వలయాలు గీశాను. నాన్న కారు వెనక్కి తీశాడు. కిరాణా షాపు కిటికీ మా పక్కనుంచి జరిగిపోయింది. నాన్న దాన్ని చూడలేదు. నేను చూశాను.

*

సాయంత్రం అయిదున్నరకు నేను బల్లమీద ఝాన్సీలక్ష్మి అక్క అడిగిన కాగితం రాస్తున్నాను. 'సైజు ఒకటే, వోల్టేజీ ఒకటే అని నమ్మకండి. మా చేన్లో రెండు బోర్లున్నాయి' అని మొదలుపెట్టాను. అప్పుడే ఫోన్ మోగింది. నాన్న. బ్రేకు టైము. ఆ టైముకు అందరూ బయట సిగరెట్ల దగ్గర ఉంటారు. పెన్ను పక్కన పడేసి ఫోన్ ఎత్తాను.

"మృదూ, స్పీకర్లో పెట్టినా. నేను లోపలే, టీ గదిలో ఉండా," అన్నాడు నాన్న. మాట హుషారుగా ఉంది. "అందరూ పిలిచినారు, పోలేదు. బాక్సు మూడుసార్లు తీసినా, చాలింది. ఇదిగో, శ్రీరామ్ అంకుల్ ఏందో అడుగుతాడంట. బోరు కత చెప్పినప్పటి నుంచి నన్ను వదల్లేదు."

ఫోన్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మృదులా, నేనమ్మా అంకుల్‌ని. నాది కూడా ఆ మాదిరి గొట్టమే కదా. దాంట్లో సెల్లు... మా పాత ల్యాప్‌టాప్‌లోంచి తీశానమ్మా. దాని మీద 3.7 అనే ఉంది. పర్లేదంటావా?"

వెనక నాన్న నవ్వు వినిపించింది. ఇంకా ఇద్దరు ముగ్గురు తెలుగు వాళ్ళు ఉన్నట్టున్నారు, ఎవరో 'ష్, విననీ' అన్నారు. గదినిండా మనుషులు నేను మాట్లాడటం కోసం ఆగారు.

"ఇప్పుడెక్కడ ఉంది అంకుల్ అది?"

"జేబులోనే."

"ముందు దాన్ని జేబులోంచి తియ్యండి," అన్నాను. వంటింట్లోంచి అమ్మ తొంగిచూసేంత గట్టిగా అన్నాను. "తీసి టేబుల్ మీద పెట్టండి. పెట్టారా? ఇప్పుడు కాయిల్ మీద గుర్రపు లాడంలాంటి గుర్తు ఉంటుంది. దాని ముందు ఎంత రాసుందో చదవండి."